అయోవా, ఎల్‌ఎస్‌యూ ఒకే రీజియన్‌లో ఎలా పడ్డాయి?

ప్రశ్న: అమెరికా కాలేజీ ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ టోర్నీలో 2023 ఫైనల్ ఆడిన అయోవా, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 2024లో ఆల్బనీలో ఎలైట్ ఎయిట్‌లోనే, అంటే క్వార్టర్ ఫైనల్లోనే, కొట్టుకున్నాయి కదా, అయోవా 94-87తో గెలిచింది. పైగా అదే రీజియన్‌లో (టోర్నీలో ఉండే నాలుగు భాగాల్లో ఒకటి) రెండో సీడ్, అంటే రెండో ర్యాంకు టీమ్, యూసీఎల్‌ఏ. టీవీ రేటింగ్ కోసం కావాలనే పెట్టారా అండీ?

డల్లాస్ బాబాయ్: అంత సీన్ లేదు తమ్ముడూ. టీముల్ని ఎంచే కమిటీ ముందు అందరికీ ర్యాంకులిస్తుంది, తర్వాతే బ్రాకెట్‌లో (ఎవరితో ఎవరు ఆడాలో చూపే పట్టిక) పెడుతుంది, ఒకే కాన్ఫరెన్స్ (సీజన్ అంతా తమలో తాము ఆడే కాలేజీల లీగ్) పెద్ద టీముల్ని వేరే రీజియన్లకి పంపాలి, ఇలా సర్దుతూ పోతే ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. ఎల్‌ఎస్‌యూ మూడో సీడ్, ఎవరో ఒక ఒకటో సీడ్ కింద పడాల్సిందేగా.

హూప్స్ పిచ్చి: నాకు మండేది అది కాదు బాబాయ్, హోమ్ కోర్టు. టాప్ 16 సీడ్లకి, అంటే ఒక్కో రీజియన్‌లో మొదటి నాలుగు టీములకి, మొదటి రెండు రౌండ్లు సొంత కోర్టులోనే! మగాళ్ల టోర్నీలో అలా లేదు. నాలుగో సీడ్‌కీ ఐదో సీడ్‌కీ మధ్య ఉండేది వెంట్రుకవాసి తేడా, ఒకళ్లకి సొంత జనం, ఇంకొకళ్లకి బస్సో ఫ్లైటో.

డల్లాస్ బాబాయ్: అది ఒప్పుకుంటా. కానీ న్యూట్రల్ కోర్టులో పెడితే సీట్లు ఖాళీగా ఉంటాయని భయం వాళ్లకి.

ప్రశ్న అడిగినవాడు: మరి 2025లో యూకాన్‌ని (కనెక్టికట్ యూనివర్సిటీ) రెండో సీడ్ చేశారు, వాళ్లేమో ఫైనల్లో సౌత్ కరోలినాని 82-59తో ఉతికారు 😂