కొత్త ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు పెట్టాక డేటాబేస్ నెమ్మదించింది, ఎందుకు?

రాత్రిడ్యూటీ:
మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లో ఐదేళ్ల నాటి సాటా ఎస్‌ఎస్‌డీలు రెండు తీసేసి, పోయిన శనివారం రాత్రి 2 టీబీ ఎన్‌వీఎంఈలు రెండు పెట్టాను. ఎం.2 రకం, అడాప్టర్ కార్డు మీద ఉన్నాయి. లినక్స్ ఎండీ రెయిడ్ 1, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉండే మిర్రర్. డిస్క్ వేగం కొలిచే ఫియోతో చూస్తే సెకనుకు 6 జీబీ పైనే చదివింది, సంబరపడి ఇంటికెళ్లి పడుకున్నాను. సోమవారం పొద్దున ఫోన్ల మీద ఫోన్లు. ఒక మిల్లీసెకను లోపు అయ్యే కమిట్‌కు (లావాదేవీని ఖాయం చేయడానికి) ఇప్పుడు 4 మిల్లీసెకన్లు పడుతోంది. టెంపరేచర్ 48 డిగ్రీలు దాటలేదు, సీపీయూ ఖాళీగానే ఉంది. ఈ ఖర్చు పెట్టించింది నేనే కాబట్టి టెన్షన్ కూడా నాదే. ఎక్కడ చూడాలి?

పాతకాపు:
ఫియోలో పెద్ద బ్లాకులతో కొలిచి ఉంటారు. డేటాబేస్ లాగ్ పని అలా ఉండదండీ. చిన్న ముక్క రాస్తుంది, నిజంగా పడిందా అని ఎఫ్‌సింక్‌తో అడుగుతుంది, జవాబు వచ్చేదాకా కదలదు. సర్వర్ రకం డ్రైవ్‌లో కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా, డీర్యామ్‌లో (కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలో) ఉన్నదాన్ని శాశ్వతంగా నిలిచే ఫ్లాష్‌లోకి దించడానికి సరిపడా శక్తి వాటిలో నిలవ ఉంటుంది. అందుకే డేటా డీర్యామ్‌కు చేరగానే "అయింది" అనేస్తుంది. డెస్క్‌టాప్ ఎన్‌వీఎంఈకి ఆ ధీమా లేదు, ప్రతిసారీ ఫ్లాష్‌లో రాసి తీరాలి. డేటాషీట్‌లో పవర్ లాస్ ప్రొటెక్షన్ అని ఉందేమో చూడండి. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ టూల్ నడిపి, పాతవాటివీ కొత్తవాటివీ అంకెలు ఇక్కడ పెట్టండి.

ఈలోపు ఎవరైనా ఎఫ్‌సింక్ ఆఫ్ చేయమంటే వినకండి. కరెంటు పోతే డేటాబేసే పాడవ్వచ్చు. సింక్రనస్ కమిట్ ఆఫ్ చేయడం వేరు. అందులో చివరి కొన్ని లావాదేవీలు పోవచ్చు గానీ మిగతాది చెడదు. అది కూడా పైవాళ్లు ఒప్పుకుంటేనే.

రాత్రిడ్యూటీ:
కొత్తవి సెకనుకు 240 ఎఫ్‌సింక్‌లు. డ్రాయర్లో పడేసిన పాత సాటా 6,100. సిగ్గేసింది. డేటాషీట్‌లో ఆ మాటే లేదు. సర్వర్ రకం కొంటే ఎండ్యూరెన్స్ ఎంతది తీసుకోవాలి? సప్లయర్ 3 డీడబ్ల్యూపీడీ (రోజుకు డ్రైవ్ మొత్తం మూడుసార్లు రాయగలిగేది) అంటున్నాడు.

డిస్క్‌డాక్టర్:
కొనే ముందు కొలుచుకోండి. డ్రైవ్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ లాగ్‌లో డేటా యూనిట్స్ రిటెన్ అని ఉంటుంది. ఒక్కో యూనిట్ 512 బైట్లు కాదు, 5,12,000 బైట్లు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ఇవాళ ఒకసారి, రేపు ఇదే టైముకు ఒకసారి చూసి తీసివేయండి. 1.92 టీబీ డ్రైవ్ 1 డీడబ్ల్యూపీడీతో ఐదేళ్లంటే దాదాపు 3,500 టీబీ రాతలు. మామూలు డేటాబేస్‌కు అది ఎక్కువే.

ఇంకోటి, రెండూ ఒకే బ్యాచ్‌వి వద్దు. మిర్రర్‌లో రెండూ సమానంగా అరుగుతాయి, నడిచిన గంటలూ సమానమే. 2019లో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ కొన్ని ఎస్‌ఏఎస్ రకం ఎస్‌ఎస్‌డీల మీద నోటీసు ఇచ్చింది: ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చకపోతే 32,768 గంటలకు డ్రైవ్ చచ్చిపోతుంది, డేటా తిరిగి రాదు. ఒకేరోజు పెట్టినవన్నీ ఒకేరోజు పోతే రెయిడ్ ఏం చేస్తుంది? అది చదివినప్పటి నుంచి నేను ఫర్మ్‌వేర్ వెర్షన్ చూడకుండా డ్రైవ్ లోపల పెట్టను. వెర్షన్, తేదీ స్టిక్కర్ మీద రాసి ట్రేకి అంటిస్తాను. మావాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

రాత్రిడ్యూటీ:
రోజుకు 9 లక్షల యూనిట్లు, అంటే 460 జీబీ. 1 డీడబ్ల్యూపీడీవే కొన్నాం, 1.92 టీబీ, యూ.2 రకం. ఒకటి తీసి ఒకటి పెడదామనుకుంటే ఎండీ చేర్చుకోనంది. 2 టీబీ మిర్రర్‌లో 1.92 పట్టదు కదా! ఎవరూ చెప్పలేదేం?

పాతకాపు:
అయ్యో, నేనే చెప్పాల్సింది. ఆ తగ్గినదాన్ని డ్రైవ్ తన లోపలి పనులకు ఉంచుకుంటుంది. కొత్త రెండింటితో వేరే మిర్రర్ కట్టండి, దాని మీద రెప్లికా (డేటాబేస్ నకలు) నడిపి, సమానమయ్యాక అటు మారిపోండి.

రాత్రిడ్యూటీ:
రాత్రి రెండు గంటలకు మారాం, నాలుగు నిమిషాలు ఆగింది అంతే. కమిట్ 0.1 మిల్లీసెకను. ఎం.2లు టెస్ట్ మెషీన్‌కి పోయాయి. స్టిక్కర్లు కూడా అంటించాను.