చేతిలో చిల్లర లేనప్పుడు అడిగినవాళ్లతో ఏం మాట్లాడాలి?

నమస్కారమండీ. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో, బావా బత్రా భాగంలో రబ్బీ (మతగురువు) ఇత్సాక్ మాట ఒకటుంది: పేదవాడికి నాణెం ఇచ్చినవాడికి 6 దీవెనలు, మాటలతో ఊరడించినవాడికి 11. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ అయితే, ముఖం చిట్లించుకుని ఎంత ఇచ్చినా ఆ పుణ్యం దక్కదన్నాడు. అడిగినవాడి మీద గొంతు పెంచడం కూడా తప్పేనన్నాడు. ఇది చదివినప్పటి నుంచి మనసులో మెదులుతూనే ఉంది. కానీ ఆకలితో ఉన్న మనిషికి ఉత్త మాటలు చెబితే ఇంకా నొచ్చుకోడా?

ఇజ్రాయెల్‌లో వృద్ధుల బాగోగులు చూసే పనిలో ఉన్న తెలుగువాళ్లు, యూదు కుటుంబాలను దగ్గరగా ఎరిగినవాళ్లు దయచేసి చెప్పండి. ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు అక్కడివాళ్లు ఏమంటారు? పేరు అడుగుతారా, కాసేపు పక్కన నిలబడతారా? మా వీధి గుడి మెట్ల మీద కూర్చునే పెద్దాయనను పలకరించాలని ఉంది. మొదట ఏమని పలకరిస్తే ఆయనకు చిన్నతనంగా అనిపించదు?