రెడిట్ నుంచి లెమ్మీకి: గుణుపురం తమ్ముడి ప్రశ్న

> అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. మాది గుణుపురం. ఎమ్మెస్ కోసం జర్మనీ వచ్చాను. ఆన్‌లైన్‌లో తెలుగు గుంపుల్లో అడిగితే ‘మీది ఒడిశా కదా’ అంటారు, ఒడియా వాళ్లు నా ఇంటిపేరు చూసి ‘ఆంధ్రానా’ అంటారు. రెడిట్ మానేసి లెమ్మీకి రమ్మంటున్నారు మనవాళ్లు. రావచ్చా?

తమ్ముడూ, మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న మనకు మామూలే, మనసులో పెట్టుకోకు.

లెమ్మీ కూడా రెడిట్ లాంటి చర్చా వేదికే. ఇటు రా, కానీ రెడిట్ ఖాతా మూసేయకు. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేయాల్సిన అన్మెల్డుంగ్ (చిరునామా నమోదు), దానికి ఇంటి ఓనరు ఇవ్వాల్సిన కాగితం, ఇలాంటివాటికి అక్కడ ఏళ్ల తరబడి పోగైన జవాబులున్నాయి. వెతుక్కుని చదువుకో. మాటామంతీకి మాత్రం ఇటు రా. 2023లో రెడిట్ తన ఏపీఐకి, అంటే బయటి యాప్‌లు రెడిట్‌ను చూపించే దారికి, రేటు పెట్టేసరికి అపోలో లాంటి యాప్‌లు జూన్ 30న మూతపడ్డాయి. ఇటు వచ్చినవాళ్లలో చాలామంది అప్పుడు వచ్చినవాళ్లే.

లెమ్మీకి యజమాని ఒకడంటూ లేడు. సర్వర్లు వేరువేరు, ఒకదాంట్లో చేరితే మిగతావాటితోనూ మాట్లాడొచ్చు. అందుకే చేరేముందు ఎవరు నడుపుతున్నారు, ఖర్చు ఎవరు పెడుతున్నారు అన్నది చూడు. జర్మన్ వాళ్లు ఎక్కువగా ఉన్న ఫెడిట్ డాట్ డీఈ అనే లెమ్మీ సర్వర్ 2024లో మూలపడింది, జనం ఫెడిట్ డాట్ ఓఆర్‌జీకి మారారు. దాన్ని ఆస్ట్రియాలో ఒక సంఘం నడుపుతోంది. ఒక్కడి భుజాల మీద నడిచే సర్వర్ కంటే నాకు అదే నయమనిపిస్తుంది. కొన్నిచోట్ల ‘ఎందుకు చేరుతున్నావు’ అని అడుగుతారు. రెండు ముక్కలు నిజం రాస్తే చాలు.

చేరగానే సెట్టింగుల్లో భాషల జాబితా చూడు. తెలుగు, ఇంగ్లిష్‌తో పాటు ‘అన్‌డిటర్మిన్డ్’ (ఏ భాషో చెప్పని పోస్టులు) అన్నది కూడా ఎంచుకో. అది వదిలేస్తే సగం పోస్టులు కనపడవు, ఇక్కడ ఎవరూ లేరనుకుని వెళ్లిపోతారు చాలామంది.

జనం తక్కువే, ముందే చెబుతున్నా. రాత్రి అడిగితే తెల్లారేసరికి ఒక్క జవాబు రావచ్చు. కానీ ఆ జవాబిచ్చినవాడు ‘గుణుపురంలో ఏ వీధి?’ అని కూడా అడుగుతాడు. పెద్ద గుంపుల్లో అదెక్కడ దొరుకుతుంది చెప్పు! నువ్వూ ఊరికే చదివి పోకుండా వారానికో ముక్క రాస్తుండు.

> బరంపురం నుంచి అక్కని. ఫోన్‌లో అయితే వాయేజర్ యాప్ పెట్టుకో, అపోలో వాడినవాళ్లకి ఇట్టే అలవాటవుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో బాబూ: ఇక్కడి ప్రైవేటు మెసేజ్‌లు సర్వర్ నడిపేవాళ్లు చదవగలరు. రాసింది తుడిపేసినా, వేరే సర్వర్లకు వెళ్లిన కాపీలు మిగిలిపోవచ్చు. పాస్‌పోర్టు నంబరు, రూము అడ్రసు ఇక్కడ ఎవరికీ పంపకు, మన ఊరివాళ్లే అడిగినా సరే.