మొదటి మంగలి కత్తి: గీసుకున్న కొలతలివీ, తప్పులుంటే ఇప్పుడే చెప్పండి

కొలిమికొత్త
మూడు నెలలు గీసి చెరిపి, చివరికి అట్టముక్క మీద ఒక రూపానికి వచ్చాను. వెడల్పు 22 మి.మీ., వెన్ను 4 మి.మీ., గుండ్రటి ముక్కు, క్వార్టర్ హాలో (అలుగు పక్కలు కొద్దిగానే లోపలికి గుల్లగా తీసిన రకం). పాత ఆకురాయితోనే చేద్దామని ఉంది. మూడు సంగతులు చెప్పండి: ఆకురాయి ఉక్కు పనికొస్తుందా? గట్టిపడడానికి ఎర్రగా కాల్చి నూనెలో ముంచేముందు అంచు ఎంత మందం ఉంచాలి? పిడి రేకులకు పిన్ను ఎలా బిగించాలి?

వాదర
ఆకురాయి జోలికి పోకండి. నేను పోయి మూడు వారాంతాలు పోగొట్టుకున్నా. అది పైపొర మాత్రమే గట్టిపడిన రకమని అరగదీశాక తెలిసింది. లోపలంతా మెత్తటి ఇనుము. సానరాయి మీద ఎంత నూరినా అంచు పక్కకు వాలిపోవడమే. ఓ1 గానీ 1095 గానీ (రెండూ ఉక్కు రకాల పేర్లే) పట్టీ కొనుక్కోండి, ఏం ఉక్కో తెలిసి పనిచేస్తారు.

పాతసుత్తి
ఒక్క చెడ్డ ఆకురాయి తగిలిందని అన్నిటినీ తిడితే ఎలా? మంచి పాత ఆకురాయిలో కార్బన్ 1 శాతం దాకా ఉంటుంది, కొన్నిట్లో ఇంకా ఎక్కువే. కొస ముక్క విరిచి ఎర్రగా కాల్చి ముంచి, ఇంకో ఆకురాయితో గీకి చూడండి. పట్టు దొరక్కుండా జారితే గట్టిపడినట్టే. తర్వాత అరగదీసి, లోపల కూడా అలాగే జారుతుందో లేదో చూడాలి. ఇంకో మాట, పళ్ళు పూర్తిగా పోయేదాకా అరగదీయాలి. ఒక్క గాడి మిగిలినా ముంచినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది.

కోణం
అందరూ ఉక్కు గురించే. 22కి 4 వెన్ను ఎవరికీ కనబడలేదా? వంటింటి కత్తికి కోణం చేత్తో పడతాం. దీనికి వెన్ను కూడా రాయి మీద ఆనుతుంది, అంటే వెన్ను మందమే కోణం. ఈ కొలతతో సుమారు 10 డిగ్రీలు వస్తుంది. అంత పల్చటి అంచు గడ్డం తగలగానే పెళుసుగా రాలిపోతుంది. 16, 17 డిగ్రీల దగ్గరుండాలి. 22కి వెన్ను 6.2 పెడితే 16 దాటుతుంది.

తోలుపట్టీ
దానికి కత్తి మార్చక్కర్లేదు. వెన్నుకి కరెంటు టేపు వేసి నూరండి, కోణం పెరుగుతుంది.

కోణం
ఒక పొర టేపు పక్కకి 0.15 మి.మీ. వేసుకున్నా రెండు పక్కలా కలిపి 0.3. మీ లెక్కన ఏడు పొరలు చుట్టాలి. నూరిన ప్రతిసారీ ఏడు పొరలు!

తోలుపట్టీ
పదిహేనేళ్ళుగా కత్తులు నూరుతున్నాను. నా రాళ్ళ మీద వెళ్ళినన్ని మీరు కళ్ళతో కూడా చూసి ఉండరు. టేపు లేకుండా నూరి వెన్ను చదునుగా అరిగిపోయిన కత్తులు నా దగ్గరికే వస్తాయి. వెన్ను మీద చెక్కుడు పని ఉంటే అదీ పోతుంది.

కోణం
మీ అనుభవాన్ని కాదనలేదు. చెక్కుడు ఉన్న వెన్నుకి టేపు వేయాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ అంచూ వెన్నూ కలిసి అరగడమే ఈ కత్తి నిర్మాణం. అంచు వెనక్కి జరిగేకొద్దీ వెన్నూ తగ్గుతుంది కాబట్టే ఏళ్ళ తరబడి కోణం నిలుస్తుంది. ఇంకా మొదలుపెట్టని కత్తికి తప్పు కొలత పెట్టి టేపుతో కప్పమనడమే నాకు నచ్చలేదు.

తోలుపట్టీ
కప్పమని నేనెక్కడ అన్నాను? మళ్ళీ చదవండి.

నూనెమరక
ఆ గొడవ పక్కన పెట్టండి, అసలు కత్తులు చచ్చేది వేడి దగ్గర. ఓ1 అయితే 800 డిగ్రీలు దాటాలి. అయస్కాంతం అంటడం మానేది 770 దగ్గర, అక్కడే ఆపేస్తే తక్కువ. అంచు 0.8 నుంచి 1 మి.మీ. మందం ఉంచండి. నేను ముందే పల్చగా తీసి, పైగా ఒక పక్క ఎక్కువ అరగదీసి ముంచాను. బయటికి తీస్తే ముక్కు పక్కకి తిరిగి ఉంది. తర్వాత పెళుసుదనం తగ్గడానికి 200 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచాలి, చల్లారాక ఇంకోసారి. శుభ్రం చేసిన ఉక్కు మీద లేత గడ్డి రంగు రావాలి.

గట్టిపడ్డాక బెల్టు మీద అరగదీసేటప్పుడు చేతికి తొడుగు వేయకండి. వేలికి వేడి తెలియగానే నీళ్ళలో ముంచాలి. రెండో కత్తికి ముక్కు దగ్గర గోరంత నీలి మచ్చ పడింది, అంటే అక్కడ వేడి 300కి చేరినట్టు. మచ్చ రుద్దితే పోయింది, మెత్తదనం పోలేదు. మిగతా అంచంతా వెంట్రుకను గాల్లో తెంపేది, ఆ గోరంత మేర లాగేది.

పాతరేకులు
రేకులు దేనితో చేస్తున్నారో చెప్పలేదు. సెల్యులాయిడ్ మాత్రం వద్దు. నా దగ్గరి పాత కత్తికి తాబేటి చిప్ప రంగు రేకులుండేవి, ఎంతో అందం. అవి కుళ్ళి వదిలిన ఆమ్లపు ఆవిరికి, రేకుల మధ్య దాగే భాగం మేర మాత్రమే తుప్పు తినేసింది. రేకుల బయట ఉండే తోక శుభ్రంగా ఉంది, అలుగు పోయింది.

వాదర
కొమ్ము మంచిదే కానీ ఎండితే వంకర పోతుంది, అప్పుడప్పుడు నూనె రాయాలి.

కొలిమికొత్త
కోణం గారూ, రాత్రి కూర్చుని లెక్క కట్టాను, మీరన్నట్టే వచ్చింది. ఓ1 పట్టీ 6.3 మందంది తెచ్చి కొత్త అట్ట పెట్టి గీశాను. తోలుపట్టీ గారూ, నూరే రోజు మీ సలహా మళ్ళీ అడుగుతాను. పిన్ను సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వాదర
1.6 మి.మీ. ఇత్తడి తీగ, రెండు పక్కలా చిన్న వాషర్లు. వాషర్ పైన అర మి.మీ.కి కొంచెం పైన తీగ మిగిల్చి, గుండ్రటి తలున్న చిన్న సుత్తితో చుట్టూ తట్టాలి. కొట్టకూడదు, తట్టాలి. పది దెబ్బలకొకసారి తిప్పి రెండో పక్క. మధ్యమధ్య కత్తి తెరిచి మూసి చూడండి, బిగువు ఒక్కసారిగా వస్తుంది, దాటితే తీగ తొలిచెయ్యాల్సిందే. పిన్ను వేయకముందు అదే కన్నంలో సన్నటి బోల్టూ నట్టూ పెట్టి మూయండి. అంచు ఏ రేకుకి తగిలినా, పిన్నుకి అవతలి కొసన రేకుల మధ్య పెట్టే వెడ్జ్ ముక్క ఒక పక్క మందంగా ఉందన్నమాట, దాన్ని అప్పుడే సరిచేయండి.