ఐబీ ఇంగ్లిష్ ఓరల్: పది నిమిషాలను ఎలా పంచుకోవాలి?

ప్రశ్న
మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా చదువుతోంది. ఇంగ్లిష్ లిటరేచర్ ఇండివిడ్యువల్ ఓరల్‌కు (రెండు రచనల గురించి పది నిమిషాలు మాట్లాడే పరీక్షకు) ఒక ఆంగ్ల నాటకాన్నీ, ఒక అనువాద నవలనూ ఎంచుకుని, ఇంట్లో స్త్రీ మాటకు విలువ దక్కకపోవడాన్ని గ్లోబల్ ఇష్యూగా, అంటే రెండు రచనలనూ కలిపే అంశంగా తీసుకుంది. సాధన చేసిన ప్రతిసారీ నాటకానికే 7 నిమిషాలు పోతున్నాయి. ఎలా సర్దుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా?

జవాబు 1
నేను ఈ పాఠమే చెబుతానండి. పరిచయాన్ని ఒక నిమిషంలోపు ముగించి, ఒక్కో రచనకు నాలుగు నిమిషాలు ఇచ్చి, మిగిలినది ముగింపుకు ఉంచుకోమనండి. ఒక్కో రచన నుంచి 40 పంక్తులకు మించకుండా ఎంచుకున్న భాగంతో పాటు మొత్తం రచన గురించి కూడా మాట్లాడాలి. చాలామంది మరిచిపోయేది ఈ రెండోదే. అన్నిటికన్నా ముందు కథ చెప్పడం మానిపించండి. ఉదాహరణకు, తండ్రి తలుపు గడియ పెట్టాడనడం కథ అవుతుంది. ఆ గడియ చప్పుడు కూతురి వాక్యాన్ని సరిగ్గా ఏ మాట దగ్గర తెంచిందో, ఆ తరువాత ఆమె సంభాషణలు ఎందుకు పొట్టివయ్యాయో చూపడమే విశ్లేషణ.

జవాబు 2
నిరుడు నేనూ ఇదే పరీక్ష ఇచ్చాను. పరీక్షలో వెంట ఉంచుకోవడానికి అనుమతించే 10 పాయింట్ల నోట్స్‌లో పూర్తి వాక్యాలు రాసుకున్నందువల్ల మొదటి సాధనలో తల ఎత్తకుండా అప్పజెప్పేశాను. పాయింటుకు మూడు నాలుగు మాటలకు కుదించాకే గొంతులో సహజత్వం వచ్చింది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండి. ఉపాధ్యాయుల ప్రశ్నలు కూడా ఈ పదిలోనే వస్తాయా?

జవాబు 1
రావండి. వాటికి విడిగా 5 నిమిషాలు ఉంటాయి. కాబట్టి నాటకంలో వదులుకోవలసి వచ్చిన ఉదాహరణలను అక్కడికి దాచుకోమనండి.