మోరిస్ సోదరుల ఉత్తరాల్లో జనవరి–మార్చి తేదీలు ఏ ఏడాదివి?

వేల్స్‌లోని యాంగిల్సీ దీవికి చెందిన మోరిస్ అన్నదమ్ముల ఉత్తరాల ఆధారంగా, 1751లో లండన్‌లో కమ్రోడోరియన్ సొసైటీ (అక్కడి వేల్స్ వాళ్ల సంఘం) ఏర్పడటానికి ముందు జరిగిన సంగతులను తేదీలవారీగా రాసుకుంటున్నాను. అప్పటి వేల్స్ సాహిత్య లోకాన్ని ఇంత దగ్గరగా చూపించే ఉత్తరాలు అరుదు. హోలీహెడ్ కస్టమ్స్‌లో పనిచేసిన విలియం, లండన్ నౌకాదళ కార్యాలయంలో ఉన్న అన్న రిచర్డ్‌కు రాసినవే నాకు ముఖ్యం.

చిక్కంతా జనవరి 1 నుంచి మార్చి 24 వరకు ఉన్న తేదీలతోనే. 1752కు ముందు ఇంగ్లండ్, వేల్స్‌లలో చట్టప్రకారం కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. చాలామంది మాత్రం జనవరి 1నే లెక్కలోకి తీసుకునేవారు. కాబట్టి ‘ఫిబ్రవరి 10, 1749’ అని ఉంటే అది మన లెక్కలో 1750 కూడా కావచ్చు. వారం పేరు రాసి ఉంటే తేలిపోయేది: అప్పటి పాత (జూలియన్) క్యాలెండర్‌లో ఆ తేదీ 1749లో శుక్రవారం, 1750లో శనివారం. నేను ఆగిపోయిన ఉత్తరాల్లో వారం లేదు. లండన్ తపాలా ముద్ర చూద్దామంటే అందులో రోజు, నెల తప్ప ఏడాది ఉండదు. మరణాల ప్రస్తావనలతో, జవాబు ఉత్తరాలతో పోల్చి చూశాను, అయినా కొన్ని తేలలేదు.

1752కు ముందు రాసిన ఉత్తరాల్లో విలియం ఏడాదిని జనవరి 1 నుంచి లెక్కించేవాడా, మార్చి 25 నుంచా?