కాలువ మీద కట్టిన ర్యాంపు ఆక్రమణ అవుతుందా?

కోటగుమ్మం:

విజయనగరం జిల్లాలో మాది ఒక మోస్తరు పట్టణం. వానాకాలానికి ముందు కాలువల్లో పూడిక తీస్తూ, బజారులో దుకాణాల ముందున్న మెట్లన్నిటినీ పొక్లెయిన్‌తో పడగొట్టారు. ఒక మందుల దుకాణం యజమాని చక్రాల కుర్చీలో వచ్చేవారి కోసం సొంత ఖర్చుతో కట్టించిన ర్యాంపు కూడా వాటితో పాటే పోయింది. పూడిక తీత ముగిసిన వారంలోనే మెట్లు మళ్ళీ లేచాయి గాని ర్యాంపు లేవలేదు. మళ్ళీ కట్టి మళ్ళీ పడగొట్టించుకునే ఓపిక తనకు లేదని ఆయన అంటున్నారు. కాలువ అందరిదీ కనుక దాని మీద ఏది కట్టినా ఆక్రమణేనని కొందరు, వికలాంగుల కోసం కట్టినదానికి మినహాయింపు ఉండాలని కొందరు వాదిస్తున్నారు. ఇంతకూ ర్యాంపు బాధ్యత ఎవరిది, దుకాణదారుదా, పురపాలక సంఘానిదా? సభ్యులు తమ అభిప్రాయాలను కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

కిరాణా వర్తకుడు:

దుకాణం ఎత్తు నేను ముచ్చటపడి పెంచుకున్నది కాదని ముందుగా మనవి చేస్తాను. మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారును తవ్వి తీయకుండా దాని మీదే కొత్త పొర పరుస్తూ వచ్చారు. మా నాన్నగారి రోజుల్లో రోడ్డు కంటే మెరకగా ఉన్న గచ్చు క్రమంగా రోడ్డుకు సమానమై, ఒక తుపానుకు బియ్యం బస్తాల కిందికి నీళ్ళు వచ్చాయి. అప్పుడు అప్పు చేసి మెరక చేయించాను. ఇప్పుడు నా గడప రోడ్డుకు 3 అడుగుల ఎత్తున ఉంది. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున ర్యాంపు ఉండాలని నిబంధన అంటున్నారు కనుక నాకు 36 అడుగులు కావాలి. మా వీధి వెడల్పు 30 అడుగులు. అంటే నా ర్యాంపు ఎదుటి బట్టల కొట్టు గల్లాపెట్టె వెనక నుంచి మొదలు కావాలి.

ఇక మానవత్వం మాటకొస్తే, వికలాంగులు ఎవరు వచ్చినా మేము ఎండలో నిలబెట్టము. మా కుర్రవాడు బండి దగ్గరికే వెళ్ళి, చీటీ తీసుకుని, సరుకులు కట్టించి తెచ్చి ఇస్తాడు. లోపలికి రావాలంటే ఇద్దరం పట్టుకుని ఎక్కిస్తాము. ఇంత చేస్తున్నవారి మీద చట్టం పేరు చెప్పి ఖర్చు రుద్దడం న్యాయంగా లేదు.

మూడు చక్రాల బండి:

వర్తకుడు గారూ, నమస్కారం. మీ లెక్క సరైనదే. ఈ చర్చలో లెక్క వేసి మాట్లాడిన మొదటి మనిషి మీరు కావడం నాకు సంతోషం కూడాను. మన బజారులో ర్యాంపు పేరిట ఇప్పుడు ఉన్నవి రాత్రిపూట స్కూటరు లోపలికి ఎక్కించుకోవడానికి వేసుకున్న వాలులే. నున్నటి గ్రానైటు పలక, 2 అడుగుల ఎత్తుకు 4 అడుగుల పొడవు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. చక్రాల కుర్చీతో దాని మీదికి ఎక్కబోతే బరువంతా వెనక చక్రాల మీద పడి, ముందున్న చిన్న చక్రాలు గాలిలోకి లేచి, కుర్చీ మనిషితో సహా వెల్లకిలా పడుతుంది. వాన పడితే నడిచేవారే దాని మీద జారుతున్నారు. ఒకటికి పన్నెండు అనేది ఎవరో సరదాకు పెట్టిన నియమం కాదు, ఒకరు తన చేతుల బలంతోనే కుర్చీని తోసుకుంటూ ఎక్కడానికి వీలయ్యే వాలు అది.

మీ కుర్రవాడు సరుకు తెచ్చి ఇవ్వడాన్ని నేను తక్కువ చేయను. అయితే రోడ్డు మీద కూర్చుని కొనేవాడికి తూకం కనబడదు, రెండు రకాల కందిపప్పు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు, పొట్లం మీద గడువు తేదీ ఇంటికి వెళ్ళాకే తెలుస్తుంది. మందుల దుకాణం దగ్గర సంగతి ఇంకా కష్టం. మూలవ్యాధికి మందు కావాలన్నా, ఆడవారికి ప్యాడ్లు కావాలన్నా, ఆటోల హారన్ల మధ్య మెట్ల కింది నుంచి కేకవేసి అడగాలి. ఇద్దరు పట్టుకుని ఎక్కించడం మీ దృష్టిలో సాయం కావచ్చు గాని, చంకల కింద చేతులు వేసి ఎత్తేటప్పుడు చొక్కా పైకి లేచిపోయి, కాలు మెట్టుకు కొట్టుకుని, అంతా చూస్తుండగా లోపలికి చేరిన మనిషి రెండోసారి ఆ కొట్టుకు రాడు. రాలేదు కనుక అవసరం లేదని మీరు అనుకుంటారు.

మా వికలాంగుల పింఛను 6,000 రూపాయలు ప్రభుత్వం ఇంటికే పంపి చేతిలో పెడుతోంది. ఆ డబ్బును నాకు నచ్చిన కొట్టులో ఖర్చు పెట్టుకోవడానికి మాత్రం మెట్లు అడ్డం వస్తున్నాయి.

చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ప్రజా భవనం అంటే ప్రభుత్వ కార్యాలయం ఒక్కటే కాదు. జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలు, వ్యాపార స్థలాలు, ప్రార్థనా స్థలాలు, బస్‌స్టాండ్లు అన్నీ అందులోకి వస్తాయి. నియమావళి వెలువడిన నాటి నుంచి ఐదేళ్ళలో పాత భవనాలను కూడా మార్చాలని అందులోనే ఉంది. నియమావళి 2017 జూన్‌లో వచ్చింది, గడువు 2022 జూన్‌తో తీరిపోయింది. మొదటి ఉల్లంఘనకు 10,000 రూపాయల వరకు, ఆ పైన ప్రతిసారీ 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా రాసి ఉంది. ఆ జరిమానాతో ఎవరినీ బెదిరించాలని నాకు లేదు. ముప్పై అడుగుల వీధిలో ముప్పై ఆరు అడుగుల ర్యాంపు కట్టలేదని శిక్ష వేస్తే అది మూర్ఖత్వమే అవుతుంది.

గంటస్తంభం:

ఇలాంటి విషయాల్లో మన జిల్లాకు ఒక సంప్రదాయం ఉందని గుర్తు చేయాలనిపిస్తోంది. సంస్థానోద్యోగి చాగంటి జోగారావు గారి కుమారుడు గంగరాజుకు చూపు లేదు. ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకోవడం కోసమని విజయరామ గజపతి మహారాజు 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టించారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. తరువాత ఆ పదవి చేపట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ చూపు అంతంతమాత్రమే. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎన్ని వందలమంది వెళ్ళారో ఆలోచించండి. చట్టాల కంటే ఆ మనసు ముఖ్యమని నా అభిప్రాయం.

మూడు చక్రాల బండి:

ఆ కథ నాకూ ఇష్టమే. కాకపోతే ఆ పిల్లవాడి తండ్రి సంస్థానంలో పనిచేస్తున్నారు కనుక సంగతి రాజుగారి చెవిన పడింది. కొలువులో ఎవరూ లేనివారి కోసమే చట్టం.

విశ్రాంత ఇంజనీరు:

రెండు పక్షాలవారూ ర్యాంపును దుకాణానికి అడ్డంగా, రోడ్డులోకి చొచ్చుకు వచ్చేటట్టు ఊహించుకుంటున్నారు. అది కాలువ పొడవునా, దుకాణం గోడకు సమాంతరంగా సాగాలి. గడప ఎత్తు అడుగు లోపు ఉన్నచోట 12 అడుగుల ర్యాంపు కాలువ మూతపలకల మీదే, రోడ్డులోకి అంగుళం కూడా రాకుండా ఇమిడిపోతుంది, రెండు కొట్లకు కలిపి ఒకటి చాలు. వెడల్పు కనీసం 4 అడుగులు ఉండాలి, పైన కుర్చీ తిప్పుకోవడానికి 5 అడుగుల సమతలం కావాలి, రెండు వైపులా కమ్మీలు ఉండాలి. ఉపరితలం గరుకు సిమెంటు అయితే మేలు; దయచేసి గ్రానైటు వద్దు.

వర్తకుడు గారి 3 అడుగుల ఎత్తుకు ఇది సరిపోదు. అలాంటి వరుసలో గడపలన్నిటినీ కలుపుతూ కాలువ మీదుగా ఉమ్మడి వసారా వేసి, సందు మొగలో, మూల దుకాణం పక్కగోడ వెంబడి ఒకే పెద్ద ర్యాంపు కట్టవచ్చు. పాత బజార్లలో పూర్వం ఉన్న అరుగుల వరుస లాంటిదే అది. ఆ పనికి ఏ ఒక్క దుకాణదారూ పూనుకోలేడు, పూనుకున్నా అనుమతి దొరకదు. కనుక మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది: గడప లోపలి భాగం యజమానిది, గడపకూ రోడ్డుకూ మధ్య ఉన్నది వీధి పని, దాన్ని రోడ్డు అంచనాలోనే చేర్చాలి. అలా చేర్చినప్పుడు ఆక్రమణ అనే మాటే రాదు. ర్యాంపుల వంటివాటి ప్రమాణాలు కేవలం సూచనలు అనే సాకు కూడా ఇక చెల్లదు. అవి సూచనలుగానే మిగిలిపోయేటట్టు నియమావళిలోని 15వ నియమం ఉండడం చట్టానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పి, తప్పనిసరి ప్రమాణాలను విడిగా రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది.

పూడిక తీయడానికి ర్యాంపును పగలగొట్టనక్కరలేదు. మూతపలకలను ఇద్దరు మనుషులు ఎత్తగలిగే పరిమాణంలో, ఇనుప కొక్కాలతో పోతపోయాలి. ర్యాంపును ఇనుప చట్రం మీద గళ్ళ రేకుతో, విడదీసి మళ్ళీ బిగించేటట్టు చేయించవచ్చు. వానలో జారకుండా ఆ రేకు మీద గరుకు పూత వేయించడం మాత్రం మరవకూడదు.

కిరాణా వర్తకుడు:

ఇంజనీరు గారి వసారా ఆలోచన బాగుంది. అయితే నా ఎడమవైపు కొట్టు గడప నా గడప కంటే అరడుగు దిగువన ఉంది, కుడివైపు వారిది ఇంకా దిగువన ఉంది. ఎవరి అప్పు కొద్దీ వారు మెరక చేయించుకున్నాము. ఇవి కలవాలంటే నడుమ నడుమ చిన్న వాలులు పడతాయి. పైగా వసారా వేసిన మరుసటి ఏడాది రోడ్డు మీద మరో పొర పరిస్తే పెద్ద ర్యాంపు పాదం తారులో కూరుకుపోతుంది. ఆ గ్యారంటీ ఎవరు ఇస్తారు?

మూడు చక్రాల బండి:

గ్యారంటీ నేను ఇవ్వలేను గాని అడగవలసిన చోటు తెలుసు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇద్దామనుకుంటున్నాను. పూడిక తీత గుత్తేదారు ర్యాంపును తొలగిస్తే తిరిగి బిగించే బాధ్యత ఒప్పందంలోనే ఉండాలని, సందు మొగన ర్యాంపును రోడ్డు అంచనాలో చేర్చాలని అందులో రాశాను. దుకాణదారుల సంతకాలు కూడా ఉంటే అది మా ఒక్కరి గోడుగా మిగలదు.

కిరాణా వర్తకుడు:

కొత్త రోడ్డు వేసే ముందు పాత తారును గీకి తీయాలని మొదటి అంశంగా రాయండి, సంతకం పెడతాను. ఎడమవైపు కొట్టు ఆయనను నేనే ఒప్పిస్తాను. కుడివైపు ఆయన మాత్రం ఖర్చెంతో తేలేదాకా నోరు విప్పే మనిషి కాదు.